తుఫాను మాట, ఉప్పెన మాట: మన తీరం చరిత్ర నుండి

తుఫాను అనే మాట మన తెలుగులోకి ఉర్దూ, ఫారసీ భాషల ద్వారా వచ్చింది. మూలం అరబ్బీ. అరబ్బీలో 'తూఫాన్' అంటే ముంచెత్తే నీరు. నూహ్ అలైహిస్సలాం కాలంలో వచ్చిన జలప్రళయానికి ఖురాన్‌లో వాడిన మాట ఇదే. ఆ మాట మన సముద్రపు ఒడ్డుకు చేరి, పల్లెకారుల నోట, రైతుల నోట నలిగేసరికి దాని అర్థం కొంత జరిగిపోయింది. ఇవాళ తుఫాను అంటే మనకు ముందుగా గాలి గుర్తుకొస్తుంది, తర్వాత వాన. ఎగిరిపోయిన రేకులు, విరిగిన కొబ్బరి చెట్లు, కరెంటు లేని రాత్రులు. సముద్రం గట్టు దాటి ఊళ్ళ మీదికి రావడానికి తెలుగులో వేరే మాట ఉంది. అది ఉప్పెన. ఈ రెండు మాటలకు మధ్య ఉన్న తేడా ఏదో పండితుల చర్చ కాదని, ఆ తేడా తెలియక వేలమంది ప్రాణాలు పోయాయని ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నాం.

ముందుగా మన బందరు సంగతి చూద్దాం. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం తూర్పు తీరానికంతటికీ పేరుమోసిన రేవు. బందర్ అంటేనే ఫారసీలో రేవు. ఇక్కడి నుండి మోఖాకు, బందర్ అబ్బాసుకు, పెగూకు, అచేకు ఓడలు నడిచేవి. హజ్ యాత్రకు వెళ్ళేవారు ఇక్కడ ఓడ ఎక్కేవారు. మీర్ జుమ్లా వంటి వారు ఇక్కడి నుండి సొంత ఓడలు నడిపి సంపద కూడబెట్టారు. వలందుల పేరు వలందపాలెంలో, పరాసుల పేరు పరాసుపేటలో, ఇంగ్లీషువారి పేరు ఇంగ్లీషుపాలెంలో నేటికీ నిలిచి ఉన్నాయి. ఇంత గొప్ప రేవు అయినా పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. మైళ్ళ దూరంలో లంగరు వేసుకుంటే చిన్న పడవల మీద సరుకు చేరవేసేవారు. కారణం, ఇక్కడ సముద్రానికి లోతు లేదు. కృష్ణమ్మ వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు అది. పట్నం చుట్టూ కూడా బురద నేలలు, ఉప్పు పర్రలు. ఊరికీ రేవుకూ మధ్య చెక్క వంతెన మీద నడిచామని ఆనాటి విదేశీ యాత్రికులు రాసుకున్నారు.

ఈ లోతు లేకపోవడాన్ని కాస్త మనసులో ఉంచుకోవాలి. ఉప్పెన గుట్టు అందులోనే ఉంది.

తుఫాను నడిబొడ్డున గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గినచోట సముద్రం కొంచెం పైకి ఉబ్బుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు చొప్పున అని లెక్క. ఎంత పెద్ద తుఫానుకైనా ఈ ఉబ్బు ముప్పావు మీటరుకు అటూ ఇటూ మాత్రమే. ఇది ఊళ్ళను ముంచేది కాదు. అసలు పని గాలి చేస్తుంది. గంటల తరబడి ఒకే దిక్కుగా వీచే గాలి నీటిని ఒడ్డు వైపు నెడుతూ ఉంటుంది. సముద్రం లోతుగా ఉంటే నెట్టిన నీరు అడుగునుండి వెనక్కి జారుకుంటుంది. లోతు లేనిచోట వెనక్కి పోవడానికి దారి దొరకదు. పైకి లేచి, నేల మీదికి ఎక్కుతుంది. విశాఖపట్నం దగ్గర ఒడ్డు నిటారుగా దిగుతుంది, కాబట్టి 2014లో హుద్‌హుద్ తుఫాను ఆ నగరాన్ని గాలితో చీల్చి చెండాడినా సముద్రం వీధుల్లోకి రాలేదు. అదే గాలి కృష్ణ మొగ దగ్గరో, గోదావరి మొగ దగ్గరో వీచి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇంకొక సంగతి. మన వైపు తుఫానులో గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అందువల్ల తుఫాను తీరం దాటే చోటుకు కుడి పక్కన, అంటే మన తీరంలో ఈశాన్యం వైపు, గాలి సముద్రం మీదనుండి నేల మీదికి వీస్తుంది. ఎడమ పక్కన నేల మీదనుండి సముద్రం మీదికి వీస్తుంది. ఎడమ పక్క సముద్రం వెనక్కి పోయినట్టు కనపడవచ్చు, కుడి పక్క ఊళ్ళు మునిగిపోతుంటాయి. "తుఫాను ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుంది" అని విన్నప్పుడు ఆ ఊరికి ఎటు పక్కన ఉన్నామన్నది చాలా ముఖ్యం. ఈ ముక్క మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలని మా అభిప్రాయం.

ఇక చరిత్రలోకి వెళదాం. గోదావరి మొగ దగ్గర కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు. బర్మాకు కూలికి వెళ్ళే తెలుగువారు ఇక్కడినుండి ఎక్కువగా వెళ్ళడం చేత బర్మాలో తెలుగువాళ్ళకు 'కోరంగీలు' అనే పేరే స్థిరపడిపోయింది. అంతటి ఊరిని 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ముంచాయని, సుమారు 20,000 మంది పోయారని రాసి ఉంది. ఈ సంగతిని వెలుగులోకి తెచ్చినవాడు హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా ఉద్యోగి. సైక్లోన్ అనే ఇంగ్లీషు మాటను పుట్టించింది కూడా ఈయనే. పాము చుట్ట చుట్టుకున్నట్టు తిరిగే గాలి అనే అర్థంలో గ్రీకు మాట నుండి 1840ల్లో తయారు చేశాడు. అంటే నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక మన కోరంగి గోడు కూడా కొంత ఉన్నదన్న మాట.

కోరంగి మళ్ళీ లేచి నిలబడింది. మళ్ళీ 1839 నవంబరు 25న నలభై అడుగుల ఉప్పెన వచ్చి మూడు లక్షల మంది పోయారని ఎన్నో పుస్తకాలలో, పత్రికలలో కనబడుతుంది. ఈ అంకెను మేము నమ్మలేకపోతున్నాం. కోరంగి, యానాం, చుట్టుపక్కల రేవులూ పల్లెలూ అన్నీ కలిపినా ఆ రోజుల్లో అంత జనం అక్కడ ఉండే అవకాశం తక్కువ. ఒకరు రాసింది మరొకరు ఎత్తి రాసుకుంటూ పోయిన లెక్కలా ఉంది. కాని ఒకటి నిజం. ఆ తర్వాత కోరంగి వెనకటి వైభవానికి తిరిగి రాలేదు. ఇప్పుడు అక్కడ మడ అడవులు, పక్షులు, చూడవచ్చే యాత్రికులు.

తర్వాత వంతు బందరుది. 1864వ సంవత్సరం. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి పదేళ్ళు కూడా కాలేదు. డెల్టాలో కాలువలు పారి, పంటలు పెరిగి, జనం సముద్రం వైపు జరుగుతున్న రోజులు. ఆ ఏడాది అక్టోబరు 5న కలకత్తాను పెద్ద తుఫాను ముంచింది. అక్కడ 60,000 మంది పోయారని అంటారు. నెల తిరగకముందే, నవంబరు 1వ తేదీ రాత్రి, బందరు మీద పడింది. దీపావళి అమావాస్య వెళ్ళి రెండు రోజులే అయింది. అమావాస్యకు, పున్నమికి సముద్రపు పోటు ఎక్కువగా ఉంటుందని తీరం వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పోటు మీద ఉప్పెన ఎక్కింది. మామూలు పోటు మట్టానికి 13 అడుగుల పైన నీరు లేచింది. కొన్నిచోట్ల 17 మైళ్ళు లోపలికి పోయింది. చనిపోయినవారు 30,000 అని ప్రభుత్వ లెక్క. చీకట్లో, నిద్రవేళ, గాలికి తలుపులు బిగించుకుని ఇళ్ళల్లో ఉన్నవారి మీదికి నీరు వచ్చింది.

ఆనాటి కాగితాలు చదివితే ఒక సంగతి మనసును పట్టి లాగుతుంది. తెల్లవారి ఉద్యోగులు, పాద్రీలు, వారి భార్యాబిడ్డలు ఎవరెవరు ఎలా బతికారో, ఎలా పోయారో పేర్లతో సహా ఉత్తరాలలో ఉంది. మిగిలిన 30,000 మంది ఒక అంకె. అందులో ఎందరు సాలెలు, ఎందరు పల్లెకారులు, మన పేటల నుండి ఎన్ని కుటుంబాలు, ఏ సందులో ఎవరు మిగిలారు, ఏమీ లేదు. కలంకారీ అద్దకం చేసే ఇళ్ళు ఎన్ని పోయాయో కూడా లేదు. కోటలో ఉన్న సైన్యాన్ని ఆ తర్వాత ఎత్తివేశారు. రేవు అప్పటికే మేట వేస్తూ ఉంది, ఈ దెబ్బతో మరీ దిగజారింది. కలకత్తా తుఫాను, ఆ తర్వాతి కరువులు ప్రభుత్వాన్ని కదిలించగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. వాతావరణ శాఖ పుట్టుపూర్వోత్తరాలు చెప్పేటప్పుడు కలకత్తా పేరు చెబుతారు. అదే శరదృతువులో మునిగిన బందరు పేరు ఎవరూ ఎత్తరు. ఇది మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

1864 తర్వాత కూడా తుఫానులు వచ్చాయి. 1949లో, 1969లో వచ్చినవి పెద్దవే. పంటలు పోయాయి, చెట్లు కూలాయి, ఏళ్ళు పొంగాయి. మన పెద్దలకు తెలిసిన తుఫాను అంటే అది. గాలివాన వస్తే ఏం చెయ్యాలో వారికి బాగా తెలుసు. కప్పు మీద మోకులు బిగించి కట్టాలి, గొడ్లను పాకలో కట్టెయ్యాలి, బియ్యం డబ్బాలు ఎత్తు మీద పెట్టాలి, తలుపు గడియ వేసి అందరూ ఒకచోట చేరాలి. ఎప్పుడో ముత్తాతల నాటి ఉప్పెన సంగతి కథగా వినడమే గాని చూసినవారు లేరు. 1864కు 1977కు మధ్య 113 సంవత్సరాలు. ఏ మనిషి జ్ఞాపకమూ అంత దూరం నిలవదు.

1977 నవంబరు 19, శనివారం. బక్రీదు పండగ దగ్గరలో ఉంది. హజ్ రోజులు. వారం కిందటే, 12వ తేదీన, నాగపట్నం దగ్గర ఒక తుఫాను వచ్చి వందలమందిని బలి తీసుకుంది. దాని మాటలు ఇంకా పత్రికలలో ఉండగానే అండమాను వైపు నుండి రెండోది బయలుదేరింది. మొదట పడమరగా వచ్చి తర్వాత ఉత్తరానికి మళ్ళింది. రేడియోలో హెచ్చరికలు వచ్చాయి. తుఫాను వస్తున్నదని జనం విన్నారు. విని, తుఫానుకు ఏం చెయ్యాలో అదే చేశారు. తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చున్నారు.

తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు పైగా వీచింది. కాని ఎక్కువ చావులు చీరాలలో కాదు. అక్కడికి అరవై కిలోమీటర్ల పైగా తూర్పున, కుడి పక్కన, కృష్ణ రెండు పాయల నడుమ ఉన్న దివిసీమలో. ఐదు మీటర్ల దాకా లేచిన నీరు సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళను తుడిచిపెట్టి పది కిలోమీటర్ల పైన లోపలికి పోయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజు అమావాస్యా కాదు, పున్నమీ కాదు. చంద్రుడు సగానికి కొంచెం మించి ఉన్నాడు. సముద్రపు పోటు మందంగా ఉండే రోజులు అవి. అదే తుఫాను ఆరు రోజులు ఆలస్యంగా, కార్తీక పున్నమి నాడు వచ్చి ఉంటే నీరు ఇంకా ఎంత లేచేదో ఊహించుకోవలసిందే.

చనిపోయినవారు సుమారు 10,000 అని ప్రభుత్వం చెప్పింది. ఇంకా ఎక్కువేనని దివివాసులు అంటూ వచ్చారు, అందులో అబద్ధం ఉందని మేము అనుకోవడం లేదు. రేషను కార్డు లేని కూలీలు, కోతలకు వచ్చిన పొరుగూరి వాళ్ళు, ఊరి చివర పాకల్లో ఉండేవారు ఏ లెక్కలోకి వస్తారు? మిగిలినవారు ఎలా మిగిలారంటే, తాడిచెట్లు ఎక్కి, తుమ్మ ముళ్ళను కావలించుకుని, కొద్దిపాటి డాబాల మీదికి చేరి. ఇక్కడ కులం మతం చూడలేదు ఉప్పెన. ఎత్తు చూసింది. మేడ ఉన్నవాడు చాలామటుకు బతికాడు, పాక ఉన్నవాడు పోయాడు. పసిబిడ్డలు, ముసలివారు, చీర చుట్టుకుని ఈదలేని, చెట్టెక్కలేని ఆడవారు ఎక్కువగా పోయారు.

తర్వాత జరిగింది రాయడానికి కలం రాదు. వరిచేలలో మనుషుల శవాలు, గొడ్ల కళేబరాలు కలిసి పడి ఉన్నాయి. రోజులు గడిచాక గుర్తుపట్టే స్థితి లేదు. రోగాలు వస్తాయన్న భయంతో సామూహికంగా దహనం చేశారు, కొన్నిచోట్ల గుంటలు తీసి పూడ్చారు. ఎవరిది ఏ మతమో తెలియదు. హిందువుల బిడ్డకు మంత్రం లేదు, మన బిడ్డకు గుసుల్ లేదు, కఫన్ లేదు, జనాజా లేదు. ఎవరినీ తప్పు పట్టలేం. ఆ పని చేసిన స్వచ్ఛంద కార్యకర్తలు, పోలీసులు, కుర్రవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని చేసిన సేవకు ఎన్ని సలాములు చేసినా తక్కువే. మండలి వెంకట కృష్ణారావుగారు దివిసీమను నిలబెట్టడానికి పడ్డ పాటు అందరికీ తెలిసిందే. మదర్ థెరీసా వచ్చారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి చందాలు పోగు చేశారు. ఏ ఊరి నుండి ఏ బట్టలు వచ్చాయో, ఎవరు ఎవరికి వండిపెట్టారో అప్పుడు ఎవరూ అడగలేదు.

మాకు బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. దివిసీమకు ఏడేళ్ళ ముందే, 1970 నవంబరు 12న, ఇదే బంగాళాఖాతం మీద, ఇదే తీరుగా లోతు లేని సముద్రం మీదుగా తూర్పు పాకిస్తానులో, అంటే నేటి బంగ్లాదేశంలో, ఉప్పెన వచ్చింది. మూడు లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారు. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. మన పత్రికలూ రాశాయి. కాని ఆ నేల, మన కృష్ణ మొగ నేల ఒకే రకమని, అక్కడ జరిగింది ఇక్కడ జరగవచ్చునని మన తీరంలో ఎవరూ ఇల్లిల్లూ తిరిగి చెప్పలేదు. తీరాన ఎత్తైన కట్టడాలు అప్పటికి కట్టలేదు.

1977 తర్వాతనే కళ్ళు తెరిచారు. తీరం పొడుగునా స్తంభాల మీద నిలబడే తుఫాను షెల్టర్లు కట్టారు. సరుగుడు తోటలు వేశారు. బందరులో తుఫానులను పసిగట్టే రాడారు వచ్చింది. దీని ఫలితం 1990 మే 9న కనబడింది. ఆ రోజు కృష్ణ మొగ దగ్గరే తీరం దాటిన తుఫాను 1977 నాటి దానికి తీసిపోయేది కాదు. నీరు కూడా లేచింది. కాని లక్షలాది మందిని ముందే ఊళ్ళు ఖాళీ చేయించి లోపలికి తరలించారు. 967 మంది చనిపోయారు. అదీ చిన్న సంఖ్య కాదు. అయితే పదమూడేళ్ళ క్రితపు పదివేల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఇల్లు వదలం, గొడ్లను వదలం అని మొండికేసినవారిని కూడా లారీలు ఎక్కించిన ఉద్యోగులు ఆనాడు తిట్లు తిన్నారు. ఆ తిట్లు తిన్న చేతులకు అల్లా మేలు చేయుగాక.

1996 నవంబరు 6న కోనసీమ వంతు వచ్చింది. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, వెయ్యి మందికి పైగా పోయారు. అందులో చేపల వేటకు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రానివారు ఎందరో. ఒడ్డున ఉన్నవారికి కబురు అందినా పడవ మీద ఉన్నవారికి అందలేదు. ఈ రోజుల్లో ఫోన్లు, ఉపగ్రహాలు వచ్చి ఆ కష్టం చాలావరకు తీరింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు రోజుల ముందే దారి, వేళ అన్నీ చెప్పగలిగారు.

అలాగని నిశ్చింతగా ఉండడానికి లేదు. 1990ల నుండి రొయ్యల చెరువుల మోజులో మడ అడవులు చాలాచోట్ల నరికేశారు. మడ చెట్లు ఉప్పెనను ఆపవు గాని దాని ఊపును విరుస్తాయి. వేళ్ళతో నేలను పట్టి ఉంచుతాయి. డబ్బు వచ్చే చెరువు ముందు డబ్బు రాని చెట్టు నిలవలేదు. సముద్రమట్టం కూడా పెరుగుతూ ఉంది. డెల్టా నేలలు కుంగుతున్నాయి, ఎందుకంటే పైన డ్యాములు ఒండ్రును ఆపేశాయి, కొత్త మట్టి రావడం లేదు. బందరుకు మళ్ళీ రేవు పనులు 2023లో మొదలయ్యాయి. సంతోషమే. రేవు వెంట ఇళ్ళు, గోదాములు, కూలీల పాకలు మళ్ళీ సముద్రం వైపు జరుగుతాయి, కాలువలు తవ్విన తర్వాత 1864కు ముందు జరిగినట్టే.

1977లో పదేళ్ళ పిల్లలు ఇప్పుడు అరవై దగ్గర పడ్డారు. ఆనాడు చెట్టు మీద రాత్రి గడిపిన పెద్దవారు చాలామంది వెళ్ళిపోయారు. అందుకని మన సంఘ సభ్యులను, వారి కుటుంబాల ఆడవారిని కూడా ఒకటి కోరుతున్నాం. మీ ఇంట, మీ చుట్టాలలో, మీ పొరుగున ఉప్పెనలో పోయినవారి పేర్లు తెలిసినంతవరకు రాసి పంపండి. పేరు, తండ్రి పేరు లేక భర్త పేరు, ఊరు, అప్పటికి వయసు. ముస్లిములవే అని లేదు, ఎవరివైనా సరే. నీరు ఆ ఇంట్లో ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తుంటే అది కూడా రాయండి. నడుము దాకానా, కిటికీ దాకానా, కప్పు మీదికా అని. చదువు రాని నానీ, దాదీల చేత చెప్పించి పిల్లలు రాసినా చాలు. ఒక నోటుబుక్కులో ఊళ్ళవారీగా ఎక్కించి సంఘం ఆఫీసులో ఉంచుతాం. అడిగినవారికి చూపిస్తాం.